పగలని కొబ్బరికాయ

మా బాపు బెల్లం గానుగకు గేటు ఉందంటారు గానీ, దానికి తలుపు ఎప్పుడూ లేదు. రెండు సిమెంటు దిమ్మెలు, మధ్యలో మట్టిదారి, అంతే. కోటగిరి చుట్టుపక్కల చేన్ల నుంచి వచ్చే చెరుకు ట్రాలీలన్నీ ఆ దిమ్మెల మధ్య నుంచే లోపలికి రావాలి. ఇంజనీరింగు చివరి ఏడాదిలో నా కన్ను ఆ దారి మీద పడింది. అంతంత బరువు రోజూ మా ముందు నుంచే పోతుంటే ఊరికే పోనివ్వడం నాకు నచ్చలేదు.

నిజామాబాద్‌లో మా కాలేజీ పిల్లలకు చివరి ఏడాది ప్రాజెక్టంటే హైదరాబాద్ బస్సెక్కి, తయారుగా ఉన్న పెట్టె ఒకటి కొనుక్కుని రావడం. నాకేమో నోటి దురద ఎక్కువ. "నేను కొనను, బండ్లు తొక్కితే కరెంటు పుట్టేటట్టు చేస్తా" అని క్లాసంతా వినేటట్టు అన్నాను. మా గైడు సారు కళ్లజోడు మీదుగా నన్ను చూశారు.

"మంచిది. నిజం బండి ఎక్కాలె, నిజం లైటు వెలగాలె. నేనే వచ్చి చూస్త. వెలగలేదనుకో, నువ్వు గూడ బస్సెక్కుడే."

క్లాసు క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు విన్న తర్వాత ఆ బస్సెక్కడం కన్నా చదువు మానేయడమే నయమనిపించింది.

నేను చేయాలనుకున్నది వినడానికి సులువే. గ్యాస్ పొయ్యి లైటర్‌ను టక్కుమని నొక్కితే నిప్పురవ్వ వస్తుంది కదా, అందులో ఉండేది పీజో ముక్క. నొక్కితే కాస్త కరెంటు ఇస్తుంది. అలాంటి పల్చటి బిళ్లలు దారి కింద వరుసగా పేర్చి, మీద ఇనుప పలక పెట్టి, ట్రాలీ ఎక్కినప్పుడల్లా గేటు మీది చిన్న బల్బుల దండ వెలిగించాలి. బాపు అంతా విని, బీడీ ఆర్పి, తీర్పు చెప్పాడు.

"తవ్వుకో. గానీ గానుగ మొదలువెట్టేనాడు లైటు రాలేదనుకో, గా గుంతల అప్పటికప్పుడే మొరం మట్టి పోపిస్త. ట్రాలీ దిగవడితె గుంజెటందుకు నీ ప్రాజెక్టు రాదు."

తవ్వాను. దారిలో సగం పాతుకుపోయిన నల్లరాయి ఒకటి అడ్డం వస్తే, మా ట్రాక్టర్ నడిపే అన్నతో పెకిలించి చెరుకు పిప్పి కుప్ప అవతల పారేయించాను. అడ్డం పోయిందని సంబరపడ్డాను కూడా.

మొదటిసారి ఖాళీ ట్రాక్టర్ ఎక్కించాం. పటపటమని చప్పుడు వచ్చింది గానీ వెలుగు రాలేదు. పలక తీసి చూస్తే టైరు కింద పడిన బిళ్లలు పిండి అయిపోయాయి. పక్కనున్నవి మాత్రం కొత్త పెళ్లికొడుకుల్లా నిగనిగలాడుతూ కూర్చున్నాయి. ట్రాక్టర్ అన్న గుంతలోకి వంగి చూశాడు.

"అప్పడాలు మంచిగనే ఏగినయ్ చెల్లె."

రెండోసారి మందంగా ఉన్న పలక వేయించాను. ఈసారి టైరు ఒక అంచు ఎక్కితే రెండో అంచు పైకి లేచింది. మళ్లీ అదే కథ, బరువంతా ఒకవైపు బిళ్లల నెత్తిన పడింది, మిగతావాటికి ఏం జరిగిందో కూడా తెలియలేదు. ఆ రోజు అన్నం తింటూ ఇంట్లో చెప్పుకుని వాపోయాను. బరువు మోయలేక కాదు, అన్నీ కలిసి మోయక పగిలిపోతున్నాయన్నాను. అమ్మ గిన్నె ఎత్తిపెట్టి బాపు వైపు, తమ్ముడి వైపు, చివరికి నా వైపు చూసింది.

"గా సమానంగ పంచే రేకేదో ఎప్పుడన్న దొరికితె, ముందుగాల మనింట్ల పరిచెయ్యి బిడ్డా" అంది.

పప్పు బాగుందని బాపు తల ఎత్తకుండా అన్నాడు.

దారి చూపింది మా నాయనమ్మ మోకాలు. మేం ఆమెను అవ్వ అంటాం. మోకాలి నొప్పికి ఆమె దగ్గర ఎర్ర రబ్బరు వేడినీళ్ల సంచి ఒకటి ఉండేది. ఆమె కునుకు తీస్తుంటే నేను పక్కన కూర్చుని, మోకాలి మీది ఆ సంచిని ఒక మూల వేలితో నొక్కి ఆడుకుంటున్నాను. ఇక్కడ నొక్కితే అక్కడ ఉబ్బింది. నీళ్లకు పక్షపాతం లేదు, ఎక్కడ నొక్కినా ఆ ఒత్తిడిని నాలుగు దిక్కులా ఒక్కతీరుగా పంచుతాయి. పుస్తకంలో ఎన్నిసార్లు చదివి ఉంటానో, బుర్రకెక్కింది మాత్రం ఆ ఎర్ర సంచి వల్లే. సంతోషం పట్టలేక గట్టిగా నొక్కేశాను. అవ్వ లేచి నా వీపు మీద ఒకటి వేసింది.

బోధన్‌లో మందుల దుకాణానికి పోయి, ఉన్న వేడినీళ్ల సంచులన్నీ ఇమ్మన్నాను. దుకాణం అన్న అవన్నీ బల్ల మీద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు.

"మీ ఇంట్ల మోకాళ్లు ఎన్నున్నయ్ చెల్లె?"

అన్నీ కలిపినా ఒకటి తక్కువైంది. ఆ ఒకటి అవ్వదే కావాలి. అడిగితే ఆమె సంచిని గుండెకు హత్తుకుంది.

"నీ రోడ్డుకు మోకాళ్ల నొప్పులా?"

బతిమాలితే, పని కాగానే తిరిగిచ్చేయాలన్న షరతు మీద ఇచ్చింది. పైగా మూత బిగించే ముందు గాలంతా పోయేటట్టు వత్తకపోతే సంచి పగులుతుందని, నాకు నమ్మకం లేక తనే దగ్గర కూర్చుని వత్తింది. గుంతలో ఇనుప చట్రం బిగించి, అడుగున బిళ్లలు, వాటి మీద సంచులు ఖాళీ లేకుండా పేర్చి, పైన పలక దించాను. టైరు జారకుండా పలక మీద పాత రబ్బరు పట్టా అంటించాను. పట్టపగలు వెలుగు కనబడాలి కదా, దిమ్మె మీద నల్ల గొడుగు కట్టి బల్బుల దండను దాని లోపల వేలాడదీశాను. చూసినవాళ్లు గేటుకు ఎండదెబ్బ తగిలిందా అని అడిగారు.

గానుగ మొదలుపెట్టే రోజు వచ్చింది. సారు నిజామాబాద్ నుంచి బండి మీద, ఇస్త్రీ మడత నలగకుండా వచ్చారు. చెరుకు నిండిన మొదటి ట్రాలీ గేటు బయట నిలబడి ఉంది. ట్రాక్టర్ చక్రాల కింద నిమ్మకాయలు, ముందు భాగానికి పసుపు, కుంకుమ. బాపు తెల్లబట్టలు కట్టుకుని, కొబ్బరికాయ పట్టుకుని దిమ్మెల మధ్యకు నడిచాడు. దిక్కులన్నీ చూసి దండం పెట్టి, చేయి ఎత్తి, నేల వైపు చూసి ఆగిపోయాడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆ నల్లరాయి ఎందుకుందో. మా తాత నాటి నుంచి ఏటా మొదటి ట్రాలీ ముందు కొబ్బరికాయ కొట్టేది ఆ రాయి మీదే. ఇప్పుడు ఆ చోట ఉన్నది నా పలక.

"బాపూ, ఆగు!" అని అరిచాను. ఆయన ఎత్తిన చేయి దించడం అశుభమనుకున్నాడో ఏమో, ధబీమని పలక మీదే కొట్టాడు.

గొడుగు లోపల బల్బులు ఒక్కసారి మిణుకుమన్నాయి. సారు "అరె!" అన్నారు. నేను ఎగిరి గంతేశాను. మేమిద్దరం తప్ప మిగతా అందరూ కొబ్బరికాయనే చూస్తున్నారు. అది పగలలేదు. రబ్బరు మీద ఎగిరి, దొర్లుకుంటూ పోయి సారు చెప్పుల దగ్గర ఆగింది.

బాపు తెచ్చుకుని మళ్లీ కొట్టాడు. మళ్లీ మిణుకు. కాయ చెక్కుచెదరలేదు. దెబ్బను సమానంగా పంచమని నేనే కదా ఇన్ని తంటాలు పడింది, అది కొబ్బరికాయ దెబ్బను కూడా బుద్ధిగా పంచేసుకుంది.

"కాయ పలుగుతలేదురా" అంది అవ్వ, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని.

మొదటి రోజే కాయ పగలకపోతే ఆ ఏడు గానుగ ఎట్లా నడుస్తుందో బాపు కళ్లకు కట్టినట్టు కనబడుతోంది.

"రాయి ఏది?" అన్నాడు నాతో.

నేను పిప్పి కుప్ప వైపు చూశాను. ట్రాక్టర్ అన్న ఆకాశం వైపు చూశాడు.

"లైటు వెలిగింది బాపూ..."

"లైటు ఎవనిక్కావాలె? మొరం తెప్పియ్యిరి."

ఇద్దరు మనుషులు పారలు పట్టుకుని కదిలారు. కళ్ల ముందు హైదరాబాద్ బస్సు, దాని కిటికీలో నా ముఖం. అయితే నాకు ఏడుపు కన్నా నోరే ముందు వస్తుంది.

"బాపూ, నిమ్మకాయలు ఎట్ల తొక్కిస్తున్నం? చక్రంతోనే గదా. కొబ్బరికాయ గూడ చక్రంతోనే కొట్టిద్దాం. ట్రాలీ బరువుకు పలుగకుంటే అప్పుడు పోపియ్యి మొరం."

బాపు అవ్వ వైపు చూశాడు. అవ్వకు కొడుకు గానుగ ఒకవైపు, తన సంచి ఒకవైపు.

"బండి గొట్టినా దేవునికే గదరా, కానియ్" అంది.

కాయను పలక మీద చక్రం వచ్చే చోట పెట్టాం. ట్రాక్టర్ అన్న ఎక్కి, దేవుడి తేరు నడిపేవాడి లెక్క మెల్లగా కదిలించాడు. ముందు చక్రం కాయ మీదికి ఎక్కింది. ఫట్టుమని చప్పుడు, నీళ్లు చిమ్మి సారు ఇస్త్రీ ప్యాంటు నిండా పడ్డాయి. గొడుగు లోపల దండలోని బల్బులన్నీ ఒకేసారి వెలిగాయి. వెనక చక్రాలకు మళ్లీ వెలిగాయి, ట్రాలీ చక్రాలకు మళ్లీ. జనం చప్పట్లు కొట్టింది కొబ్బరికాయకే. అయినా సగం నేనే తీసుకున్నాను.

సారు పలక లేపించి ఒక్కొక్క బిళ్లనూ వేలితో తడిమి చూశారు. ఒక్కటీ పగలలేదు. తడిసిన ప్యాంటు పిండుకుంటూ, "బస్సెక్కకు" అన్నారు. నా చదువు మొత్తంలో అంత మంచి మాట నాకు ఇంకెవరూ చెప్పలేదు.

ఆ వారంలోనే నిజామాబాద్ నుంచి అవ్వకు కొత్త సంచి తెచ్చి, కావాలంటే మాట ప్రకారం పలక లేపి పాతదే తీసిస్తానన్నాను. బాపు అడ్డం పడ్డాడు.

"పలక తీస్తె వచ్చే ఏడు కాయ ఏడ కొట్టాలె?" అన్నాడు, పలకను నేను పుట్టకముందు తనే పాతించినట్టు.

అవ్వ కొత్త సంచిని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది నాది కాదని పెట్టెలో దాచేసింది. మర్నాడు పొద్దున గేటు దిమ్మె పక్కన మంచం వేయించుకుని, దుప్పటి కప్పుకుని కూర్చుంది. నేను కాలేజీకి బయల్దేరుతుంటే, చెరుకు నిండిన ట్రాలీ ఒకటి మలుపు తిరిగి వస్తోంది. అవ్వ కట్టె ఎత్తి దాన్ని ఆపింది.

"మెల్లగ పోనియ్ బిడ్డా" అంది, "కింద నా మోకాలుంది."