సరుగుడు నీడలో కారు

ఈ సంగతి జరిగినప్పుడే రాయాలనుకున్నాను. కానీ అప్పటికి నాకు ఒత్తులు రావు.

చిన్నప్పుడు నేను చదువుకోనిది మా పల్లెలో బడి లేక కాదు. ఒడ్డున ఎండబెట్టిన చేపలకు ఎవరో ఒకరు కాపలా ఉండాలి. కాకులకూ కుక్కలకూ బడి గంటతో పని లేదు. ఆ కాపలా నాది. ఆ తర్వాత పెళ్ళి, వలలు, చేపల గంప. తల నెరిశాక నా చేత పలక పట్టించింది మా కోడలు. కడుపుతో ఉన్న ఆమెను డాక్టరమ్మ పని చెయ్యకుండా పడుకోమంది. ఊరికే పడుకోలేక, మంచం మీద నుంచే నాకు అక్షరాలు దిద్దించింది. ఆమెకు ఏడో నెల వచ్చేసరికి నేను గుణింతాల దాకా వచ్చాను. కోడలు అని రాయగలను, అత్త అని రాయలేను. అదీ నా చదువు.

ఇప్పుడు నెల్లూరు, డాక్టరు, ఫిల్టరు, అన్నీ రాయగలను. అందుకే ఆ నాటి మేలు ఇప్పుడు రాస్తున్నాను.

మాది జువ్వలదిన్నె వైపు సముద్రం పక్క పల్లె. మా అబ్బాయి బాడుగకు కారు తోలుతాడు. ఆ ఎండాకాలం కోడలికి రక్తపోటు ఎక్కువై కాళ్ళు వాచాయి. వారం వారం నెల్లూరు వచ్చి చూపించుకోవాలనీ, ఒక్క వారం తప్పినా తల్లికీ బిడ్డకూ ప్రమాదమనీ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

కారులో ఏసీ ఉంది, పేరుకి. ముందు కూర్చున్నవాళ్ళకు కాస్త తగిలేది, వెనక మాకు ఏమీ వచ్చేది కాదు. అద్దాలు దించితే నిప్పుల గాలి. ఒక వారం కొడవలూరు దగ్గరికి వచ్చేసరికి కోడలు తల నా భుజం మీద వాల్చేసింది. పిలిస్తే పలకలేదు. రోడ్డు పక్కన కారు ఆపి, ముఖాన నీళ్ళు చల్లి, కొంగుతో విసిరాను. కళ్ళు తెరిచేదాకా ఆపలేదు.

ఇంటికి వచ్చాక ఆమె ఒకటే మాట అంది.

"నేనింక ఆ కారు ఎక్కను అత్తా. ఏమన్నా కానీ."

అబ్బాయి ఏసీలో గ్యాసు తగ్గిందనుకుని నింపించుకొని వచ్చాడు. ఏమీ మారలేదు. మళ్ళీ నెల్లూరు వెళ్ళాల్సిన రోజు దగ్గరపడింది. ఇక రేపే అనగా, నేనెప్పుడూ ఎక్కని ముందు సీట్లో కూర్చుని, గాలి వచ్చే చోట అరచెయ్యి పెట్టాను.

"పెంచరా."

పెంచాడు. లోపల చప్పుడు పెరిగింది, గాలి పెరగలేదు. వచ్చే ఆ కొంచెం మాత్రం మంచులా ఉంది.

"చల్లగానే ఉండాది కదరా. గాలే రావడంలా. నాచు పట్టిన వల మాదిరి, ఏందో లోపల అడ్డం పడుండాది."

"అమా, ఇది కారు. పడవ కాదు."

"ఏదైతే ఏంది? దారి మూసుకుంటే నీళ్ళైనా రావు, గాలైనా రాదు. ఇంకొకరికి చూపిద్దాం పద."

నేను దిగలేదు. దిగితే వాడు వాయిదా వేస్తాడని తెలుసు. హైవే మీద ఒక మెకానిక్ షెడ్డుకు వెళ్ళాం. ఆయన నడివయసు మనిషి, ముఖాన ఎప్పుడూ ఒక నవ్వు. నేను నాచు పట్టిన వల సంగతి చెబితే మా అబ్బాయిలా కొట్టిపారెయ్యలేదు.

"చూస్తే పోయింది లే పెద్దమ్మా" అంటూ నా మోకాళ్ళ ముందున్న సొరుగు ఊడదీసి, దాని వెనక నుంచి మడతలు మడతలుగా ఉన్న ఒక పలకను బయటికి లాగాడు. అదే ఫిల్టరు. దాని మీద దుమ్ము, ఇసుక, వాటితో కలిసి చాపలా అల్లుకుపోయిన సరుగుడు ఆకులు. అది పక్కన పెట్టి ఫ్యాను వేశాడు. నా చెంగు ఎగిరి ముఖం మీద పడింది. కానీ లోపల నుంచి గరగరమని చప్పుడు వచ్చింది. ఫ్యానులోకి కూడా దూరి ఉన్నాయన్నాడు.

"అబ్బయా, ఇంటికాడ బండి యాడ పెడతావు?"

"తోటలో అన్నా, సరుగుడు చెట్ల కింద. మా ఆమె ఎక్కేటప్పుడు సీట్లు కాలకుండా ఉంటాయని, ఒక్క పూటన్నా ఎండలో పెట్టను."

మెకానిక్ తల పట్టుకుని నవ్వాడు. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గరున్న సందు చూపించాడు. బయటి గాలి లోపలికి పోయే దారి అదేనట. ఆకులన్నీ అందులోనే కుక్కుకుని ఉన్నాయి.

"పెళ్ళాం చల్లగా ఉండాలని నీడకి పెట్టినావు. ఆ నీడే గాలి మింగేసింది."

మా వాడి ముఖం చూడలేకపోయాను. వాడు చేసింది ప్రేమతోనే.

మెకానిక్ ఫ్యాను ఊడదీసి నేల మీద గుడ్డ పరిచి పెట్టాడు. దాని రెక్కల మధ్య ఆకులు ఒక్కొక్కటే ఏరాలి. నేను కూడా కూర్చుని ఏరాను. వలలో చిక్కుకున్న ముళ్ళు, నత్తలు ఏరిన వేళ్ళకు అదేం పెద్ద పని?

"నువ్వు చేపలు ఏరినట్టే ఏరతావుండావే పెద్దమ్మా!"

"చేపలైతే కూరన్నా వచ్చును."

కొత్త ఫిల్టరు తెప్పించి వేసేదాకా ఆయన మమ్మల్ని కదలనివ్వలేదు. ఫిల్టరు లేకుండా పోతే ఇసుకంతా లోపలికి పోతుందన్నాడు. కోడలి సంగతి విన్నాక అన్నం కూడా తినకుండా మా పని పూర్తి చేశాడు. వచ్చేటప్పుడు ఆయనకు చేతులు జోడించాను.

సాయంత్రం కారు వాకిట్లో ఆపి కోడలిని బతిమాలి వెనక సీట్లో కూర్చోబెట్టాం. ముఖం ముడుచుకునే కూర్చుంది. అబ్బాయి ఏసీ వేశాడు. ఆమె ముంగురులు ఎగిరి కళ్ళ మీద పడ్డాయి. కడుపు మీద చెయ్యి పెట్టుకుని, "అత్తా, వీడు కూడా కదలతావుండాడు" అంది. ఆ మాటకు మా అబ్బాయి ఇటు తిరక్కుండా స్టీరింగు మీదే తల ఆనించాడు.

మర్నాడు పొద్దున్నే లేచి, ఎండు చేపల మీద కప్పే టార్పాలిన్ ఇంటి పక్కన నాలుగు గుంజలకు కట్టాను, కారుకు నీడగా. తర్వాత గిన్నెలో సున్నం కలుపుకుని తోటలోకి పోయి, అబ్బాయి కారు పెట్టే చోట ఉన్న పెద్ద మొద్దు మీద వేలితో రాశాను. ఒత్తులున్న మాటలు తీసేస్తూ పోతే చివరికి మిగిలింది ఇది: సరుగుడు కింద కారు ఆపకు.

నెల్లూరు పోతూ కోడలు తోట దగ్గర కారు ఆపించి చదివింది.

"ఆపకండి అనాల అత్తా. మర్యాదగా ఉంటాది."

"నా కొడుక్కి రాసుకున్నాలే. నువ్వు పద, ఆలస్యమవతాది" అని తలుపు వేసి, ఆమె పక్కన కూర్చున్నాను.