నిద్ర రాకుండా ఓడెక్కడం

కదిలేది ఏదైనా నాకు పడదు. బస్సు పడదు, కారు వెనక సీటు పడదు. సింహాచలం కొండ మీదికి వెళ్ళే ఘాట్ రోడ్డులో నేను దేవుడికంటే ముందు కిటికీకి దణ్ణం పెట్టుకుంటాను. పెళ్ళయిన కొత్తలో మా ఆయన హాల్లోకి ఉయ్యాలబల్ల కొందామన్నాడు. వద్దన్నాను, కారణం కూడా చెప్పాను. ఆయన కాసేపు నా మొహం చూసి, నాలుగు కాళ్ళ కుర్చీలు కొన్నాడు.

అలాంటి నేను మా నాన్నను ఓడలో తీసుకెళ్ళాల్సి వచ్చింది.

నాన్న పోర్టులో క్రేన్ ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగం ఉన్నంత కాలం ఓడల్లోకి ఇనుప ఖనిజం ఎత్తాడు, ఓడల్లోంచి బొగ్గు దించాడు. ఓడలో ప్రయాణం మాత్రం చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో కంచరపాలెంలో మా వీధి మొత్తానికి తెలుసు. వయసులో ఉన్నప్పుడు ఆయనకు ఒక సరుకుల ఓడలో ఖలాసీ పని దొరికింది. వాళ్ళమ్మ, అంటే మా మామ్మ, సముద్రం మీదికి పంపనని అడ్డుపడింది. హార్బరు వైపు నుంచి ఓడ కూత వినబడితే చాలు, అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "మాయమ్మ అడ్డుపడకపోతే ఈపాటికి నాను సింగపూర్‌లో ఉండీవోడ్ని" అనేవాడు.

మామ్మ అక్కడే కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ ఉండేది. ఎవరైనా తన వైపు చూస్తే, "అవును, నానే వద్దన్నాను" అనేది. మళ్ళీ గింజలు తీసుకునేది. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. పోయినా ఆ నేరం ఆవిడ మీదే ఉండిపోయింది. మా తరం పిల్లలందరికీ మామ్మ అంటే సింగపూర్‌ను ఆపేసిన మనిషి.

మన పోర్టు నుంచే విహారానికి ఓడలు బయల్దేరుతున్నాయని తెలిశాక నాన్న నన్ను నోరు తెరిచి ఏమీ అడగలేదు. పేపరులో ఓడ బొమ్మతో ప్రకటన వచ్చిన రోజు మాత్రం, ఆ పేజీ పైకి వచ్చేలా మడిచి నా టీ గ్లాసు కింద పెట్టేవాడు. గ్లాసు తడికి ఓడ ఉబ్బేది. అమ్మ లేదు. మా ఆయనకు స్టీల్ ప్లాంటులో షిఫ్టులు, సెలవు దొరకదు. ఒకరోజు ఆయనే ఆ పేపరు తీసి చూసి, మీ నాన్నను నువ్వే తీసుకెళ్ళు అన్నాడు. ఆ మాట అన్నాక, తను ఏమన్నాడో గుర్తొచ్చినట్టు నా వైపు చూశాడు.

వాంతులు రాకుండా మాత్రలు ఉంటాయని నాకు తెలుసు. నా ఇబ్బంది ఆ మాత్రలతోనే. ఒకసారి అరకు వెళ్ళేటప్పుడు బస్సెక్కే ముందు ఒకటి వేసుకున్నాను. అరకు ఎలా ఉందని ఎవరైనా అడిగితే చల్లగా ఉందని చెబుతాను. అది బస్సు ఏసీ. ఈసారి అలా కుదరదు. నాన్నకు షుగరుంది. వేళకు ఇన్సులిన్ చెయ్యాలి, చేశాక వేళకు తిండి పెట్టాలి. తిండి ఆలస్యమైతే ఆయనకు చెమటలు పడతాయి. పైగా 'లోపలికి ప్రవేశం లేదు' అని రాసున్న తలుపు కనబడితే తోసి చూడకుండా ఉండలేడు. నేను మెలకువగా ఉండి తీరాలి.

నేను ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెబుతాను. ఆ పక్క సందులో చెవి, ముక్కు, గొంతు డాక్టరు ఉన్నాడు. ఓడలో కడుపులో తిప్పకూడదు, నిద్రా రాకూడదు, అలాంటిది ఏమైనా ఉందా అని అడిగాను. ఆయన నవ్వలేదు. మనం కదులుతున్నామని లోపలి చెవి చెబుతుంది, గదిలో కూర్చున్న కంటికి ఏమీ కదిలినట్టు కనబడదు, రెంటికీ పొత్తు కుదరక మధ్యలో కడుపు నలిగిపోతుంది అని చెప్పాడు. చలనం గురించి కొన్ని వందలమంది పిల్లలకు పాఠం చెప్పిన మనిషిని నేను. అది నాకు ఎక్కడా పనికి రాలేదు.

ఆయన రాసిన మాత్రను ముందు సెలవు రోజున ఇంట్లో వేసుకుని చూడమన్నాడు. ఆదివారం వేసుకుని, కుక్కరు పొయ్యి మీద పెట్టి, విజిల్ వచ్చేలోగా అని సోఫాలో కూర్చున్నాను. కళ్ళు తెరిచేసరికి మా ఆయన షిఫ్టు నుంచి వచ్చి, మాడిన కుక్కరు పట్టుకుని నా ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"ఇదేటి, ఓడెక్కకుండానే మునిగిపోనావు" అన్నాడు.

డాక్టరు మాత్ర మార్చాడు. ఇది కొందరికి అంత మత్తు ఇవ్వదన్నాడు. అది వేసుకుని నిద్రపోలేదు కానీ, క్లాసులో ఒకే లెక్కను బోర్డు మీద రెండుసార్లు చేశాను. రెండుసార్లూ వేరే జవాబు వచ్చింది. పిల్లలు రెండూ రాసుకున్నారు. ఇక ఆ మాత్ర సంచిలో అడుగునే ఉంటుంది, గతిలేకపోతేనే తీస్తాను అనుకున్నాను. డాక్టరు కూడా అదే మేలన్నాడు. నాన్నకు మాత్రం, ఆయన వేసుకునే మందులతో ఏది పడుతుందో ఏది పడదో, అడక్కుండా ఏ మాత్రా ఇవ్వొద్దని గట్టిగా చెప్పాడు. మిగతావన్నీ మందు లేని పద్ధతులు. కింది అంతస్తులో, ఓడ నడిమధ్యన గది తీసుకోవాలి. పగలు పైన గాలిలో కూర్చుని, నీరూ ఆకాశమూ కలిసేచోట చూపు నిలపాలి. పుస్తకం, ఫోను ముట్టుకోకూడదు. కడుపు ఖాళీగా ఉంచకూడదు, నింపకూడదు. బయల్దేరే ముందు రాత్రి బాగా నిద్రపోవాలి. అల్లం నములుకోవచ్చు. మణికట్టుకు కట్టుకునే పట్టీలు పనిచేస్తాయా అంటే, పనిచేస్తాయని గట్టిగా చెప్పలేను, చెయ్యి నొప్పి మాత్రం పెట్టదు అన్నాడు. అవీ కొన్నాను.

కింద గది అనగానే నాన్న మొహం మాడింది. పైన బాల్కనీ ఉన్న గది ఆయన ఎప్పుడో మనసులో ఖాయం చేసుకున్నాడు.

"పైనుంటేనే కదేటి సముద్రం కనబడతాది?"

పార్కులో పిల్లలెక్కే తూగుబల్ల సంగతి చెప్పాను. చివర కూర్చున్నవాళ్ళు ఎగిరిపడతారు, నడుమ కూర్చున్నవాడికి ఏమీ కాదు. తూగుబల్ల నడుమ ఎవడైనా కూకుంటాడేటి అన్నాడు. అయినా ఒప్పుకున్నాడు.

అల్లం మురబ్బా నాకోసం కొన్నాను. అది సగం పంచదార కాబట్టి, ఆయనకు కావలసొస్తే ఉంటుందని పచ్చి అల్లం కోసి ఉప్పు చల్లి చిన్న డబ్బాలో పెట్టాను. ఆ డబ్బా చూసి నాన్న నొచ్చుకున్నాడు. క్రేను మీద గాలివానలో పనిచేసినవాణ్ణి నేను, నాకెందుకు అల్లం అన్నాడు.

ఓడ మధ్యాహ్నం బయల్దేరింది. పోర్టులోంచి బయటికి వెళ్ళే కాలువలో ఉన్నంతసేపూ నాన్న రెయిలింగు పట్టుకుని, పక్కనున్న ఎవరో రాయపూర్ వాళ్ళకు ఏ క్రేను ఎంత బరువు ఎత్తుతుందో, ఏ బెర్తులో ఏ సరుకు దిగుతుందో తెలుగులో వివరించాడు. వాళ్ళకు తెలుగు రాదు. మర్యాద తెలిసినవాళ్ళు, తల ఊపారు. డాల్ఫిన్ నోస్ కొండ పక్కనుంచి దాటి బయటి సముద్రంలోకి వచ్చాక ఓడ మెల్లిగా లేచి, మెల్లిగా దిగడం మొదలుపెట్టింది. నేను ముందే చూసిపెట్టుకున్న కుర్చీలో కూర్చున్నాను. రెండు చేతులకూ పట్టీలు, బుగ్గన మురబ్బా. దూరంగా నీటి గీత మీద చూపు పెట్టాను.

కడుపు తిప్పలేదు. సాయంత్రానికీ తిప్పలేదు. నిద్రా రాలేదు. నాకే నమ్మకం కుదరలేదు. రాత్రి భోజనాల హాల్లో మాత్రం చేపల వేపుడు వాసనకు వికారం పుట్టి లేచాను. పైకి వచ్చి గాలి పీల్చుకుంటే తగ్గింది. నాన్న అన్నీ వడ్డించుకున్నాడు. నేను ఆయన ప్లేటులోంచి ఐస్‌క్రీము తీసేస్తే, మళ్ళీ వెళ్ళి తెచ్చుకున్నాడు.

మర్నాడు పొద్దున అలలు కాస్త పెద్దవయ్యాయి. నాన్న పూరీలు తిని, కిటికీలు లేని హాల్లో మేజిక్ షో ఉందని వెళ్ళాడు. ఎంతోసేపు కాలేదు, తిరిగొచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. లోపల గాలి లేదన్నాడు. మొహం చూస్తే చెమట. షుగరు పడిపోయిందనుకుని మిషను తీసి వేలు గుచ్చి చూశాను. బాగానే ఉంది. ఏమయిందని అడిగితే ఏటీ అవలేదు అన్నాడు. ఆ మాట పూర్తవలేదు. నాకోసం తెచ్చుకున్న కాగితం సంచి అందించే వ్యవధి మాత్రం దొరికింది.

ఓడలో డాక్టరును పిలిపించాను. ఆయన బీపీ చూసి, మందుల చీటీ చూసి, మాత్ర అక్కర్లేదు, ఇక్కడే కూర్చోబెట్టండి, కొంచెం కొంచెం నీళ్ళు తాగించండి, తేరుకున్నాక పొడి బిస్కెట్లు పెట్టండి, షుగరు మళ్ళీ చూడండి అని చెప్పి వెళ్ళాడు. అల్లం ముక్క ఇస్తే నాన్న ఈసారి మాట్లాడకుండా నోట్లో వేసుకున్నాడు. అటూ ఇటూ చూడొద్దు, నా వైపు కూడా చూడొద్దు, అదిగో ఆ గీతనే చూడు అన్నాను. చూశాడు. చాలాసేపటికి, ఆ గీతతోనే అన్నట్టు, "అప్పుడూ ఇలాగే అయిపోనాది" అన్నాడు.

"ఎప్పుడు నాన్నా?"

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకునే వీల్లేదు. బహుశా అందుకే చెప్పగలిగాడు.

ఖలాసీ పని దొరికిన మాట నిజమే. ఓడ బయటి సముద్రంలో లంగరు వేసుకుని ఉంది. పనికి కుదిరినవాళ్ళను లాంచీలో అక్కడిదాకా తీసుకెళ్ళారు. లాంచీ కాలువ దాటిందో లేదో నాన్నకు మొదలైంది. ఓడ పక్కకు చేరేసరికి తాడు నిచ్చెన పట్టుకునే ఓపిక కూడా లేదు. మిగతావాళ్ళు ఎక్కారు. లాంచీ ఆయన్ను వెనక్కి తెచ్చి ఒడ్డున దింపింది.

"మరి మామ్మ వద్దందని చెప్పేవాడివి?"

"ఏదో ఒకటి సెప్పాలి కదా. సముద్రం పడనోడికి పోర్టులో పనెవుడిస్తాడు? అమ్మ వద్దంది అంటే ఇంకెవుడూ ఏటీ అడగడు."

మామ్మ ఏనాడూ కాదనలేదేమని అడిగాను. అదే తనకూ తెలియదన్నాడు. మొదటిసారి పదిమంది ముందూ ఆ మాట అన్నప్పుడు ఆవిడ ఎక్కడ బయటపెడుతుందోనని భయపడ్డాడట. ఆవిడ ఆయన మొహం చూసి, అవును, నానే వద్దన్నాను అనేసిందట. ఆ తర్వాత చెబుతూ చెబుతూ తనకే అది నిజమనిపించిందట.

నాకు కోపం వచ్చింది. చింతపండు ముందు వంగి కూర్చున్న ఆ ముసలామె మీద ఎన్నేళ్ళు ఎంతమంది నవ్వారో అనిపించింది. కానీ పక్కనున్న మనిషి వాంతి చేసుకుని, ఉప్పు అల్లం నములుతూ, చెప్పిన చోటే బుద్ధిగా చూస్తున్నాడు. కోపం అక్కడ ఎంతోసేపు నిలవలేదు. ఇంకో బిస్కెట్ ఇచ్చాను.

భోజనం వేళకు ఆయన తేరుకున్నాడు. మిగతా ప్రయాణమంతా మేం ఆ రెండు కుర్చీల్లోనే గడిపాం. మేము దేన్నో చూస్తున్నామనుకుని ఒకావిడ వచ్చి మా వెనక నిలబడి చాలాసేపు అటే చూసింది. ఏమీ కనబడక వెళ్ళిపోయింది. మాత్ర సంచి అడుగునే ఉండిపోయింది. చెన్నైలో ఓడ ఆగినప్పుడు నాన్న అక్కడి క్రేన్లు చూసి, పర్లేదు అన్నాడు.

ఇంటికొచ్చాక ఒక ఆదివారం, సింహాచలం కొండ కింద ఉండే మా మేనత్తను చూడటానికి వెళ్ళాం. ఆవిడ నాన్నకు అక్క. కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు తరుగుతోంది. నాన్న ఓడ విశేషాలన్నీ చెప్పాడు, నాకు కడుపులో తిప్పితే తను దగ్గరుండి చూసుకున్నానని కూడా చెప్పాడు. నేను ఆయన వైపు తిరిగి చూశాను. ఆయన కత్తిపీట వైపు చూపు మార్చాడు.

"అక్కా, అప్పుడు నన్ను ఓడెక్కొద్దని అమ్మ అననేదు."

అత్త తరగడం ఆపలేదు. "తెలుసురా" అంది.

"నీకెలాగ తెలుసు?"

"ఆ రోజు నువ్వు ఇడిసీసిన సొక్కా ఉతికింది నానే. అమ్మ నీళ్ళు తోడింది. ఓడలో పనికెల్లినోడి సొక్కా ఇలాగుంటాదేటి అన్నాను. ఊరుకోయే, ఆడొచ్చి ఏటి సెప్తే అదే అందాం అంది."

నాన్న మంచినీళ్ళు తెమ్మన్నాడు. తెచ్చిస్తే తాగలేదు, గ్లాసు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. అత్త బెండకాయలు పొయ్యి మీద వేసి, భోంచేసి వెళ్ళమంది. భోంచేశాం.

తిరుగు దారిలో గోపాలపట్నం దాటాక ఆయన, "మాయమ్మకి ఓడ ఒకసారైనా దగ్గిర్నుంచి సూపించనేదు నాను" అన్నాడు.

మామ్మ గురించి ఓడ లేని మాట ఏదైనా ఒకటి చెప్పమన్నాను. చాలాసేపు ఆలోచించాడు. ఆవిడకు జంతికలంటే ఇష్టమట. పళ్ళు పోయాక కూడా టీలో నానబెట్టుకుని తినేదట. నాకు ఆ సంగతి తెలియదు.