బ్రెగ్జిట్ సభలో పోగొట్టుకున్న అప్పలరాజు కోసం పాసిర్ రిస్‌లో ఒక పగలు

విశాఖపట్నంలో బయల్దేరి లండన్ వెళ్ళేవాడు ఎవడైనా పడమటికి వెళ్తాడు. నేను తూర్పుకి, సింగపూర్ మీదుగా టికెట్టు తీసుకున్నాను. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టుందని మా ఆవిడ నవ్వింది. తెల్లవారి దిగితే మళ్ళీ రాత్రి ఎనిమిదిన్నరకి లండన్ విమానం. మధ్యలో ఒక పగలంతా చేతిలో ఉంటుంది. ఆ పగలు నాకు కావాల్సింది సింగపూర్ కాదు, తొమ్మిదేళ్ళుగా నాతో మాట్లాడని అప్పలరాజు.

అప్పలరాజుదీ నాదీ అనకాపల్లి. ఒకే బెంచీ మీద చదువుకుని, ఒకే ఏడాది లండన్ చేరి, నగరానికి తూర్పు పక్కన చిన్న టిఫిన్ హోటల్ పెట్టాం. వాడు వంటగది, నేను గల్లా. బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, బయటికి రావాలా అని ప్రజల్ని ఓటు అడిగిన వేసవి వరకూ మా మధ్య మాట తేడా రాలేదు. అప్పట్లో మాలాంటి హోటళ్ళవాళ్ళ మధ్య ఒక వాదన బాగా తిరిగింది. యూరప్‌వాళ్ళు టికెట్టు కొనుక్కుని వచ్చి పనిలో చేరిపోతున్నారు, మన ఊరి వంటవాడికి మాత్రం వీసా దొరకదు, బయటికొచ్చేస్తే అందరికీ ఒకటే రూలు కాబట్టి మనవాళ్ళకీ దారి దొరుకుతుందని. నేను దాన్ని మనసారా నమ్మాను.

ఓటింగుకి వారం ముందు మనవాళ్ళంతా ఒక హాల్లో సభ పెట్టారు. నేను మైకు పట్టుకుని పావుగంట దంచాను, చప్పట్లు కూడా బాగానే పడ్డాయి. అప్పుడు వెనక వరసలోంచి అప్పలరాజు లేచాడు. "మన దగ్గర కూరలు తరిగే రుమేనియా ఆవిడ ఎల్లిపోతే ఎవుడు తరుగుతాడ్రా? తలుపెయ్యమని అడుగుతున్నావు, తలుపేసినోడు మన కోసం కిటికీ తీస్తాడేటి?" అన్నాడు. జనమంతా వాడి వైపు తిరిగేసరికి నాకు ఒళ్ళు మండింది. "గరిటె తిప్పేవాడివి గరిటె తిప్పుకో, రాజకీయాలు నీకెందుకురా?" అన్నాను, మైకులోనే. హాలంతా గొల్లుమంది. నెల తిరక్కుండా వాడు సింగపూర్లో పని చూసుకుని వెళ్ళిపోయాడు, నా నంబరు బ్లాక్ చేశాడు. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ వెయ్యిసార్లు చెప్పింది. మైకు చేతిలో ఉన్నప్పుడు అవేవీ గుర్తు రావు. మొన్న అనకాపల్లి వెళ్ళినప్పుడు పాత స్నేహితుడొకడు వాడు పనిచేసే హోటల్ చిరునామా ఇచ్చాడు. ఇక ఆగలేకపోయాను.

ఇలా పగటి మజిలీ పెట్టుకునేవాళ్ళకి రెండు మాటలు. నాది బ్రిటిష్ పాస్‌పోర్టు కాబట్టి వీసా అక్కర్లేకపోయింది, భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు ముందే చూసుకోవాలి. దిగడానికి మూడు రోజుల లోపు ఆన్‌లైన్లో నింపే కార్డు అందరికీ తప్పనిసరి, దానికి రుసుమేమీ లేదు. పెట్టె నేరుగా లండన్‌కే వేయించాను, భుజాన ఒక సంచీ, అందులో మాడుగుల హల్వా. ఏడున్నరకి ట్రైనెక్కి, ఒక్క స్టేషను తర్వాత ఎక్స్‌పోలో మారి, ముప్పావుగంటలో లిటిల్ ఇండియాలో దిగాను. బ్యాంకు కార్డునే గేటుకి తాకిస్తే చాలు, రెండు డాలర్లు, ఆ పైన కొంచెం చిల్లర.

చిరునామాలోని హోటల్ సెరంగూన్ రోడ్డు పక్క సందులో దొరికింది. తిన్నగా అడగడానికి ధైర్యం చాలక ముందు ఇడ్లీ, కాఫీ చెప్పాను. ఏడు డాలర్లయింది. సాంబారు ఒక చెంచా నోట్లో పెట్టుకోగానే అది వాడి చెయ్యి కాదని తెలిసిపోయింది. గల్లా దగ్గరున్న నెల్లూరాయన్ని అప్పలరాజు ఉన్నాడా అని అడిగాను.

"మంగళవారం ఆయనకి సెలవండీ. మీరేమవుతారు?"

"ఒకే ఊరండీ" అన్నాను.

"పాసిర్ రిస్‌లో ఒక ముసలావిడ ఫ్లాట్‌లో గది తీసుకుని ఉంటాడు సార్. సెలవు రోజు మధ్యాహ్నం ఆవిణ్ణి తీసుకుని అక్కడి హాకర్ సెంటర్‌కి భోజనానికి పోతాడు. పన్నెండుకి పోయారంటే గ్యారంటీగా దొరుకుతాడు."

రెండు స్టేషన్ల అవతల బుగిస్‌లో ఆకుపచ్చ లైనుకి మారితే పాసిర్ రిస్ చివరి స్టేషను. మొత్తం నలభై నిమిషాలు పడుతుంది. బెడోక్‌కి ముందే ట్రైను నేల మీదికొచ్చి, వరసగా ఎత్తయిన ఫ్లాట్లు, కిటికీల్లోంచి కర్రల మీద ఆరేసిన బట్టలు కనిపిస్తాయి. నేను వాటిని సరిగ్గా చూడలేదు. వాడికి చెప్పాల్సిన మాటలు కూడబలుక్కుంటున్నాను. ఓటు వేసి తప్పు చేశాను, నువ్వన్నదే నిజమైంది, ఇలా ఏవేవో. టాంపినీస్ వచ్చేసరికి అవి నాకే అతికించిన మాటల్లా వినిపించాయి.

హాకర్ సెంటర్ స్టేషను నుంచి కొద్ది నిమిషాల నడక. చుట్టూ చిన్న చిన్న తిండి దుకాణాలు, మధ్యలో అందరికీ కలిపి టేబుళ్ళు, పైన పెద్ద ఫ్యాన్లు. పన్నెండింటికి ఇసుక వేస్తే రాలనంత జనం. ఎలాగో ఒక ఖాళీ టేబులు కనిపించింది. దాని మీద కాగితపు రుమాళ్ళ ప్యాకెట్టు ఒకటి, పక్కన ఒలికిన సూపు మరక. ఎవరో మర్చిపోయి వెళ్ళారనుకున్నాను. హోటల్ నడిపేవాడికి మురికి టేబులు చూస్తే చేతులు ఊరుకోవు. ప్యాకెట్టు చింపి, నాలుగు కాగితాలు తీసి, శుభ్రంగా మరక తుడిచి, హాయిగా కూర్చున్నాను.

"హలో! దిస్ వన్ ఆల్రెడీ చోప్ లా!" వెనక నుంచి ఒక గొంతు. ఎనభై ఏళ్ళ ముసలావిడ, చేతిలో చెరుకురసం గ్లాసు, చూపు నా చేతిలోని ప్యాకెట్టు మీద. నాకప్పటికి తెలియదు. ఇక్కడ టేబులు మీద రుమాళ్ళ ప్యాకెట్టు పెట్టి వెళ్ళారంటే బస్సు సీట్లో మనం తువ్వాలు వేసినట్టన్నమాట. దాన్నే చోప్ అంటారు. నేను ఆవిడ తువ్వాలుతోనే ఆవిడ సీటు తుడిచి కూర్చున్నాను. "అయ్యయ్యో, తెలీదమ్మా" అని తెలుగులో అనేశాను.

ఆవిడ ముఖం మారింది. "ఏటీ, తెలుగోడివా? అయితే మాత్రం నా టిష్యూ సింపేస్తావా?"

అప్పుడే ఆవిడ వెనక చేపల సూపు, చికెన్ రైసు ఉన్న ట్రే పట్టుకుని అప్పలరాజు ఆగిపోయాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూశాడు, నా చేతిలో తడి కాగితాలు చూశాడు. తొమ్మిదేళ్ళ తర్వాత వాడు నాతో అన్న మొదటి మాట, "అది మా టేబులు."

లేచి నిలబడ్డాను. ఆవిడ మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, "తెలిసినోడేనేటి రాజూ?" అని అడిగింది. వాడు ట్రే టేబులు మీద పెట్టాడు. "సరే, కూకోండి ఇద్దరూ. ముందు మకాన్ చెయ్యండి, సల్లారిపోతాది" అంది. మకాన్ అంటే భోజనం. ఆవిడ పేరు పార్వతమ్మ. మలేషియా రబ్బరు తోటల్లో పుట్టిన తెలుగావిడ, అప్పలరాజు గది ఆవిడ ఫ్లాట్‌లోనే. నాకూ ఒక చికెన్ రైసు తెమ్మని వాడికి పురమాయించింది.

క్షమాపణ చెప్పడానికే నోరు తెరిచాను. వచ్చిందేమో వాదన. ఓటు సంగతి ఎత్తగానే వాడు, "మరి వచ్చినాయా నీ వీసాలు?" అన్నాడు. "కాగితం మీద వచ్చాయి, వంటవాడికి ప్రభుత్వం ఇమ్మన్న జీతం మన హోటల్‌కి అందదు" అన్నాను. "నేను సెప్పలేదేటి?" అన్నాడు. "అంతకుముందు మాత్రం ఉన్నాయా?" అన్నాను. మరి నాకూ పౌరుషం ఉంటుంది కదా. రెండు నిమిషాల్లో గొంతులు లేచాయి. పక్క టేబులు దగ్గర ఇద్దరు చైనా తాతలు చెంచాలు కింద పెట్టి మమ్మల్నే చూస్తున్నారు. ఇంత దూరం వచ్చి మళ్ళీ అదే హాల్లో నిలబడ్డానని నాకు ఏడుపొచ్చింది.

పార్వతమ్మగారు చెంచాతో పళ్ళెం మీద టంగుమని కొట్టారు. "దేశం ఇడిపోతే మీకొక్కలికే ఇడిపోయిందేటి? నేను పెళ్ళై ఈడికొచ్చినప్పుడు ఇదీ మలేషియా ఒకటే. ఓ రోజు రేడియోలో సెప్పినారు, సింగపూరు వేరే దేశమని. మా అన్న ఆ దరి, నేను ఈ దరి. మా ఆయన మంచిదే అయిందన్నాడు. మా అన్న గొంతు కోసేసినారన్నాడు. పండక్కి కలిసినప్పుడల్లా ఇదే కొట్లాట, మా ఆయన పోయే వరకూ."

"మాటలు ఆగిపోలేదా ఆంటీ?" అన్నాను.

"ఎందుకాగుతాయి? ఈయన ఆ సర్కారుని తిట్టేవోడు, ఆయన ఈ సర్కారుని తిట్టేవోడు. నువ్వెంతటోడివని ఒకల్నొకలు ఏనాడూ అనుకోలేదు. మా ఆయన్ని మోసినోల్లలో మా అన్నే ముందు."

నాకు అప్పుడు తట్టింది. ట్రైనులో కూడబలుక్కున్నదంతా ఓటు గురించే. వాడు ఇల్లూ వాకిలీ వదిలి వచ్చింది ఓటు గురించి కాదు. "అప్పలరాజూ" అన్నాను, "ఓటు నేను నమ్మి వేశాను, దాని మంచిచెడ్డలు ఎంతసేపైనా కొట్లాడుకుందాం. ఆ రోజు మైకులో నిన్నన్న మాట మాత్రం పాపం. నలుగురి ముందు అన్నాను, నలుగురి ముందే చెప్తున్నాను. నన్ను క్షమించరా."

వాడు లేచి, పళ్ళేలన్నీ ట్రేలో సర్దుకుని, నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. ఇక్కడ తిన్నవాళ్ళే ట్రే తీసుకెళ్ళి అరలో పెట్టాలట, ఆ సంగతి నాకు తెలియదు. అయిపోయింది, వీడు ఇక రాడు అనుకున్నాను. పార్వతమ్మగారు నేను సంచీలోంచి తీసి ఇచ్చిన హల్వా పొట్లం విప్పుకుని తింటున్నారు. నాకు ఆ నాలుగు నిమిషాలు గడవలేదు.

వాడు మూడు గ్లాసుల కాఫీతో తిరిగొచ్చాడు. ఒకటి నా ముందు పెట్టి, "సెక్కెర తక్కువ సెప్పినాను. ఇంకా అలాగే తాగుతున్నావా, మానేసినావా?" అన్నాడు.

గుండెల మీంచి బండ దింపినట్టయింది. కళ్ళు తుడుచుకోవడానికి పార్వతమ్మగారి ప్యాకెట్టే మళ్ళీ వాడాను, ఈసారి ఆవిడ ఏమీ అనలేదు. రుమేనియా ఆవిడ వెళ్ళిపోయిందనీ, వంటవాళ్ళు నిలవడం లేదనీ, ఇప్పుడు గరిటె నేనే తిప్పుతున్నాననీ చెప్పాను. "సాంబారు ఎలా వస్తందిరా?" అన్నాడు. "నీళ్ళు నీళ్ళుగా" అన్నాను. వాడు నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు.

రెండింటికి పార్వతమ్మగారు నిద్రకి ఫ్లాటుకి వెళ్ళారు. మేమిద్దరం పదిహేను నిమిషాలు నడిచి సముద్రం ఒడ్డున పార్కుకి వెళ్ళాం. రుసుము లేదు, నీడ బాగుంటుంది, ఎదురుగా ఉబిన్ ద్వీపం, దూరంగా మలేషియా తీరం. బెంచీ మీద చాలాసేపు అనకాపల్లి కబుర్లు చెప్పుకున్నాం. సాయంత్రమవుతుండగా వాడు ఉన్నట్టుండి, "నీకోటి సెప్పాలిరా" అన్నాడు.

"చెప్పు" అన్నాను.

"ఆ రోజు నేను ఓటెయ్యలేదు."

నాకు అర్థం కాలేదు. అంతమంది ముందు లేచి నిలబడి వాదించినవాడు!

"నువ్వన్న మాటకి కోపమొచ్చి తలుపేసుకుని పడుకున్నాను. గరిటె తిప్పేవోడి ఓటు ఎవుడిక్కావాలని. పొద్దున్న లేచేసరికి మీరు గెలిసీసినారు. నా ఒక్క ఓటుతో ఏమీ ఆగదని తెలుసు. కానీ నీకు మొహం ఎలా సూపించను? నీ మీద కోపం ఎప్పుడో పోయిందిరా. సిగ్గే పోలేదు."

తొమ్మిదేళ్ళూ నేను వాడి కోపానికి భయపడ్డాను. వాడు నా ఎదుట పడడానికి భయపడ్డాడు. వాడి వీపు మీద ఒక్కటి చరిచాను. చిన్నప్పుడు కొట్టినంత గట్టిగానే. వాడు "దెబ్బ తగిలిందిరా వెధవా" అని నవ్వాడు. గడియారం చూస్తే ఏడు దాటింది. పరుగున రోడ్డెక్కి టాక్సీ పట్టుకున్నాం. విమానాశ్రయానికి పావుగంట, పద్దెనిమిది డాలర్లు. గేటు మూసే ముందు చివరగా ఎక్కింది నేనే.

బ్రిటన్ చేసింది తప్పా ఒప్పా అని ఈ ప్రయాణం తేల్చలేదు. టాక్సీలో కూడా ఆ విషయం మీద గొడవ పడ్డాం, నా లెక్కలో వాడు చెప్పినవాటిలో సగం ఇంకా తప్పే. అయినా విమానంలో కూర్చోగానే పదమూడు గంటలూ ఒళ్ళెరక్కుండా నిద్రపోయాను. సభల్లో, ఫోన్లలో, భోజనాల దగ్గర ఇలా దేశాల కోసం స్నేహితుల్ని పోగొట్టుకున్నవాళ్ళు నాకు చాలామంది తెలుసు. వాళ్ళు కూడా అవతలివాడు కోపంగా ఉన్నాడనే అనుకుంటున్నారు.

మీలో ఎవరైనా ఇలాంటి పని మీద పాసిర్ రిస్ వెళ్తుంటే ఒక్క సలహా. అక్కణ్ణుంచి విమానాశ్రయం దగ్గరే, పావుగంట చాలు అని నమ్మి చివరి దాకా కూర్చోకండి. వెళ్ళడానికి ఎంత సమయం పెట్టుకున్నా పెట్టుకోకపోయినా, లేచి రావడానికి మాత్రం ఒక గంట ఎక్కువ ఉంచుకోండి. నేను ఉంచుకోలేదు. విమానాశ్రయం ముందు టాక్సీ తలుపు తెరిచి పట్టుకుని వాడు అప్పుడే మా అమ్మ ఎలా ఉందని అడిగాడు. పోయి మూడేళ్ళయిందని చెప్పేంత వ్యవధే దొరికింది.