ఎవరూ రుచి చెప్పని వంట

పోయిన వారం మా వారి తద్దినం. మా అబ్బాయి ఏలూరులోనే ఉంటాడు కానీ, వాడి ఫ్లాటులో మడీ తడీ కుదరదని, ఈ మధ్య ఇలాంటి వాటికోసమే కట్టిన ఒక హాలు మాట్లాడాడు. బ్రాహ్మలు, భోక్తలు, వంట, విస్తళ్ళు, నువ్వుల దగ్గర్నుంచి దర్భల దాకా అన్నీ వాళ్ళే చూసుకుంటారు. మనం వెళ్ళి కూర్చుంటే చాలు. అంతా పద్ధతిగానే జరిగింది, వంక పెట్టడానికి లేదు. ఇంటికొచ్చి నడుం వాల్చానో లేదో, అబ్బాయి ఫోను పట్టుకుని వచ్చాడు. భోజనం ఎలా ఉంది, అయిదింటికి ఎన్ని స్టార్లు ఇస్తారు అని ఆ హాలు వాళ్ళు మెసేజి పెట్టారట. ఎన్ని నొక్కమంటావమ్మా అని అడిగాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ ఉండగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాన్న గుర్తొచ్చారనుకుని వాడు పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకున్నాడు. గుర్తొచ్చిన మాట నిజమే కానీ, వాడనుకున్న రకంగా కాదు.

నా ఈడు వాళ్ళకి చెప్పక్కర్లేదు, చిన్నవాళ్ళెవరైనా చదువుతుంటే వాళ్ళ కోసం చెబుతున్నాను. తద్దినం నాడు పితృదేవతల స్థానంలో కూర్చుని భోంచేసే బ్రాహ్మణ్ణి భోక్త అంటారు. ఆయన విస్తరి ముందు కూర్చున్నాక వంట బాగుందనీ అనకూడదు, బాగాలేదనీ అనకూడదు. తద్దినం పెట్టే కర్త నోరు తెరిచి అడిగినా, ఆనక ఇంటికెళ్ళాక కూడా చెప్పకూడదు. వండే ఆవిడ వండుతూ రుచి చూడకూడదు, వాసన కూడా చూడకూడదు. నేను ఇరవై రెండేళ్ళు ఏలూరులో తద్దినాలకి వండాను. మా వారు ఆ తద్దినాలకే భోక్తగా వచ్చేవారు. అంటే ఇరవై రెండేళ్ళు నేను రుచి చూడకుండా వండితే, ఆయన రుచి చెప్పకుండా తిన్నారన్నమాట. మా కాపురం గురించి ఇంతకంటే పొట్టిగా చెప్పడం నా వల్ల కాదు.

నేను పుట్టింది కైకలూరు అవతల, కొల్లేటి గట్టు మీద ఒక పల్లెలో. నాన్న అక్కడి బడిలో పంతులు. మా ఇంట్లో భోజనం అంటే ఒక పంచాయితీ. నాన్న మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే తీర్పు చెప్పేవారు, బాబాయి దానికి అడ్డం వెళ్ళేవాడు, దప్పళంలో బెల్లం ఎక్కువైందని ఒకరు, అసలు పడనే లేదని ఒకరు, ఇద్దరికీ కలిపి అమ్మ వంటింట్లోంచి గరిట చూపించేది. పొయ్యి మీద పులుసు మరుగుతుంటే అమ్మ నా అరచేతిలో నాలుగు చుక్కలు వేసి, ఏం తగ్గిందే అని అడిగేది. ఉప్పైతే ఉప్పు, పులుపైతే పులుపు, ఠక్కున చెప్పేదాన్ని. ఎనిమిదేళ్ళ పిల్ల నాలుకని నమ్మి అమ్మ మళ్ళీ పోపు పెట్టిన రోజులున్నాయి. అలాంటి ఇంటి నుంచి వచ్చి, అన్నం దగ్గర మాటే వినపడని ఇంట్లో పడ్డాను.

మా అత్తగారు అప్పటికే తద్దినాల వంటకి ఊళ్ళో పేరున్న మనిషి. పెళ్ళైన రెండో నెలలోనే నన్ను వెంట తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. తెల్లారకుండానే ఎవరింటికో వెళ్ళి, వాళ్ళ నూతి దగ్గర స్నానం చేసి, దండెం మీద ఆరేసిన చీర కట్టుకుని వంటింట్లోకి వెళితే మళ్ళీ బయటికి రావడం మధ్యాహ్నం మూడింటికే. మధ్యలో ఎవర్నీ తాకకూడదు, ఎవరూ మనల్ని తాకకూడదు. పిల్లలు గుమ్మం దాకా వస్తే వాళ్ళమ్మ రెక్క పట్టుకుని లాక్కుపోయేది. వంటలూ మారవు. పెసరపప్పు, అరటికాయ, కంద, కాకరకాయ, అల్లప్పచ్చడి, మిరియాల చారు, గారెలు, పరమాన్నం, నువ్వుల ఉండలు. ఉల్లి, వెల్లుల్లి మాట దేవుడెరుగు, మిరపకాయ కూడా రానిచ్చేవారు కాదు మా అత్తగారు. ఉప్పు ఎంత వెయ్యాలో ఆవిడ నా వేళ్ళు ముడిచి చూపించారు. ఇంతమందికి ఇంత, అంతే. ఆ కొలత తప్పా ఒప్పా అని అడగడానికి లోకంలో మనిషి లేడు.

తలుపు చాటు నుంచి వింటూ ఉండేదాన్ని. భోజనాలయ్యాక తృప్తి చెందారా అని కర్త సంస్కృతంలో అడుగుతాడు, చెందామని భోక్తలు సంస్కృతంలోనే చెబుతారు. మా వారి గొంతు గుర్తుపట్టేదాన్ని. కానీ అది మంత్రంలో మాట, పప్పు మాడిపోయినా ఆ మాటే అనాలి. తర్వాత ఇంటివాళ్ళు తినేవారు. ఆ రోజు పోయినవాళ్ళు తలపుకొచ్చి, తలొంచుకుని తినే వాళ్ళు వంట సంగతి ఎందుకు ఎత్తుతారు? అందరిదీ అయ్యాక నేను తినేసరికి, పొద్దుట్నించీ పొగ పీల్చిన నాలుకకి ఉప్పుకీ పిండికీ తేడా తెలిసేది కాదు.

పుట్టినరోజులు వాయిదా వేసుకోవచ్చు, పెళ్ళిళ్ళకి వేరే ముహూర్తం చూసుకోవచ్చు, తిథులు మాత్రం పక్కకి జరగవు. ఏడాదిలో ఏ రోజు ఎవరింట్లో ఉండాలో ఏడాది ముందే రాసిపెట్టి ఉండేది. మా తమ్ముడి పెళ్ళికి నేను చేరేసరికి తలంబ్రాలు ఊడుస్తున్నారు. మహాలయ పక్షాలొస్తే రోజూ వంటే. నెలలో బయటున్న మూడు రోజులే నాకు సెలవు. సిగ్గు విడిచి చెబుతున్నాను, వాటికోసం ఎదురుచూసేదాన్ని. ముప్ఫై నిండకుండానే నాకు ఒక సంగతి అర్థమైపోయింది. ఈ వంటింట్లోంచి ఆ వంటింట్లోకి, అక్కణ్ణించి ఇంకో వంటింట్లోకి తప్ప నాకు దారి లేదు. అన్నింటికీ ఒకటే కిటికీ, అదీ పెరటి గోడ మీదికే ఉండేది. ఊపిరాడేది కాదు.

ఇంట్లోనైనా ఆయన ఏమన్నా అంటారా అంటే, అదీ లేదు. భోక్తకి ముందు రోజు ఒంటిపూట, ఆ రోజు రాత్రి ఉపవాసం. ఇంట్లో తినేదే తక్కువ, తిన్నప్పుడు కూడా అలవాటైన మౌనమే. మంచి మనిషి, ఒక్కనాడు గొంతు పెంచి ఎరగరు. కానీ ఒక రోజు నాకు కసి పుట్టింది. పప్పులో ఉప్పు వెయ్యలేదు. మరిచిపోయి కాదు, కావాలనే. వడ్డించి ఎదురుగా నిలబడ్డాను. ఆయన తలొంచుకుని కలిపారు, తిన్నారు, మారు వడ్డిస్తే అదీ తిన్నారు, చెయ్యి కడుక్కుని అరుగు మీదికి వెళ్ళిపోయారు. నేను రుబ్బురోలు పక్కన కూర్చుని ఏడ్చాను. కొడితే ఏడ్చేవాళ్ళున్నారు, తిడితే ఏడ్చేవాళ్ళున్నారు, చప్పిడి పప్పు తిన్నందుకు ఏడ్చిన ఇల్లాలిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. నాకు వంట వచ్చా రాదా? అది తెలియకుండానే చచ్చిపోతానేమోనని ఆ రోజు నిజంగా భయమేసింది.

నాకు నలభై నాలుగేళ్ళప్పుడు మా అమ్మాయికి తాడేపల్లిగూడెంలో కాలేజీ సీటొచ్చింది. అక్కడొక ఆడపిల్లల హాస్టల్లో చేర్చాం. చుట్టుపక్కల పొలాలున్న రైతుల ఇంటావిడ ఒకరు నడిపేవారు, పిల్లలంతా వార్డెనమ్మ అనేవారు. దసరా సెలవలకి వచ్చిన మా అమ్మాయి, అక్కడ వంటమనిషి మానేసిందనీ, పిల్లలు పస్తులుంటున్నారనీ మాటవరసకి చెప్పింది. నేను వెళతాను అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని నేనే ఆశ్చర్యపోయాను.

మా అత్తగారు తిప్పుతున్న తిరగలి ఆపి నా వంక చూశారు. "ఒకసారి ఉల్లిపాయ తరిగిన చెయ్యి మళ్ళీ మడికి పనికి రాదే అమ్మాయ్. రేపు తిరిగొస్తానంటే ఎవరు పిలుస్తారు నిన్ను?" అన్నారు. అందులో అబద్ధం లేదు. అది వెళ్ళడమే కానీ రావడం లేని దారి. హాస్టల్లో నా వంట ఎవరికీ నచ్చకపోతే అటూ కాను, ఇటూ కాను. మా వారు ప్రయాణం నాడు నా సంచీ తనే మోసుకుని ఏలూరు స్టేషనుకొచ్చి, ప్యాసింజరెక్కించి, కిటికీ దగ్గర నిలబడి, "తలుపు దగ్గర నించోకు" అన్నారు. దెందులూరు, భీమడోలు, పూళ్ళ దాటేదాకా ఆ మాటే చెవిలో ఉంది. భయం వేస్తోందో సంతోషంగా ఉందో తెలియలేదు.

ఇరవై రెండేళ్ళ తర్వాత ఉల్లిపాయ తరిగాను. కళ్ళు మండిపోయి, ఎవరూ అడగకుండా హాయిగా కాసేపు ఏడ్చుకున్నాను. అరవై మంది పిల్లలు. రుచి చూడొచ్చునని నాకు తెలుసు; గరిట నోటిదాకా తెచ్చి మళ్ళీ దింపేశాను. అలవాటు అంత తొందరగా వదులుతుందా? ఉప్పు మా అత్తగారి కొలతే వేశాను. వడ్డించి లోపలికొచ్చి, తలుపు చాటున నిలబడ్డాను. అయిదు నిమిషాలు గడవలేదు, ఒక పిల్ల కంచం పట్టుకుని వంటింటి గుమ్మంలోకొచ్చింది.

"ఆంటీ, పప్పులో ఉప్పు తక్కువైందండీ."

ఇంకోసారి చెప్పమ్మా అన్నాను. కోపమొచ్చిందనుకుని ఆ పిల్ల బిక్కమొహం వేసింది. నేను వెళ్ళి ఎంగిలి కంచంతో సహా ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను. ఎంత తక్కువైంది, కొంచెమా, బాగానా, మిగతావి ఎలా ఉన్నాయి, వంకాయ ఉడికిందా అని ఒకటే ప్రశ్నలు. కొత్త వంటావిడకి పిచ్చేమోనని ఆ రాత్రి పిల్లలు అనుకున్నారని మా అమ్మాయి చెప్పింది. అననీ. నా వంట తిని ఒక మనిషి నోరు విప్పింది. మర్నాటి నుంచి గరిట అరచేతిలో వంచుకుని రుచి చూడటం మొదలుపెట్టాను, మా అమ్మ దగ్గర లాగా. పులుపెక్కువైందంటే తగ్గించాను, సాంబారు మా ఊళ్ళో ఇలా చెయ్యరంటే ఎలా చేస్తారో అడిగి నేర్చుకున్నాను. ఆరు నెలలయ్యేసరికి నా గోంగూర కోసం సెలవులకి ఇంటికెళ్ళకుండా ఉండిపోయే పిల్లలు తయారయ్యారు.

కానీ ఒక శంక మాత్రం పురుగులా తొలిచేది. ఇన్నేళ్ళూ ఏలూరులో పితృదేవతలందరికీ నేను చప్పిడి పప్పే పెట్టానా? ఒక ఆదివారం ఇంటికొచ్చినప్పుడు మా అత్తగారితో నవ్వుతూ ఈ మాటే చెప్పాను. ఆవిడ నవ్వలేదు. ముడతలు పడిన వేళ్ళు ముడిచి, ఉప్పు కొలత చూసుకుంటూ, "అయితే నాదీ తక్కువేనంటావా?" అన్నారు. ముప్ఫై ఏళ్ళు వండిన మనిషి, అప్పటిదాకా ఆవిడకీ ఎవరూ చెప్పలేదన్న సంగతే నాకు తట్టలేదు. ఆవిడ కూడా నాలాగే ఇరుక్కుపోయిన మనిషని ఆ రోజే తెలిసింది.

ఆ మధ్యాహ్నమే మా వారు తద్దినం భోజనం చేసి ఇంటికొచ్చారు. నా బదులు వేరే ఆవిడ వండుతోందప్పటికి. కండువా దండెం మీద వేసి, కాళ్ళు కడుక్కుని, అరుగు మీద కూర్చుని, ఎటో చూస్తూ, "ఇవాళ వంట బాగాలేదు" అన్నారు.

"తప్పండీ, అలా అనకూడదు" అన్నాను. చూడండి నా బుద్ధి, ఇరవై రెండేళ్ళు ఏ మాట కోసం పడిచచ్చానో అది వినపడగానే నోరు నొక్కేశాను.

"తెలుసు. అందుకే ఇన్నాళ్ళూ నీది బాగుందనీ అనలేదు."

మరి నా చేతి ఉప్పో అని అడిగాను. ఆయన ఆలోచించి, ఎంతో న్యాయంగా, "ఒక్క పిసరు తక్కువే" అన్నారు. లోపల్నించి మా అత్తగారు దగ్గారు. ఆ దగ్గుకి ముగ్గురం నవ్వుకున్నాం. ఆ ఇంట్లో అన్నం సంగతి మాట్లాడుకుని నవ్వుకోవడం అదే మొదలు.

మోకాళ్ళు మొరాయించేదాకా, పద్దెనిమిదేళ్ళు ఆ హాస్టల్లో వండాను. ఆయన కూడా భోక్తగా వెళ్ళడం మానేశాక తాడేపల్లిగూడెం వచ్చేశారు. పిల్లలతో పాటు బెంచీ మీద కూర్చుని, అడగకపోయినా ఏదో ఒక వంక పెట్టేవారు. ఆయన పెట్టిన వంకలన్నీ నాకు జ్ఞాపకమే.

ఇదంతా మా అబ్బాయికి చెప్పలేక, స్టార్ల సంగతి తర్వాత చూద్దువు గానీ, ఆ హాలుకి ఒకసారి ఫోను చెయ్యరా, ఇవాళ వండినావిడతో మాట్లాడాలి అన్నాను. పప్పు ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడే నాకు తెలిసింది, లోపలెక్కడో ఒక చెయ్యి రుచి చూడకుండా, ఎవరో ముడిచి చూపించిన కొలత ప్రకారం ఉప్పు ఒక పిసరు తక్కువే వేసింది. కంద మాత్రం అద్భుతంగా చేసింది. రెండూ ఆ మనిషితో చెప్పాలనిపించింది. ఫోనెత్తినాయన ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "వంటవాళ్ళు రోజుకొకళ్ళు మారుతుంటారండీ, ఇవాళ ఎవరొచ్చారో చెప్పడం కష్టమండీ. మీకు నచ్చితే స్టార్లు ఇచ్చెయ్యండి, ఆఫీసుకి చేరిపోతాయి" అన్నాడు.

మా రోజుల్లో మాట దాచుకునేవాళ్ళం, ఎవరికి దాచుకుంటున్నామో మాత్రం తెలుసు. ఇప్పుడు మాటకి కొదవలేదు, అది పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి దాకా మాత్రం వెళ్ళడం లేదు. మా అబ్బాయి అయిదు స్టార్లూ నొక్కేశాడు. ఉప్పు మాట నా దగ్గరే ఉండిపోయింది.