గాలి మార్పుకు పోయిన ఎండాకాలం

చిన్నప్పుడు ఒక ఎండాకాలం సముద్రం ఒడ్డున గడిపామని చెబితే, "ఆ రోజుల్లోనే విహారాలా" అంటారు మా ఇంటి పిల్లలు. విహారమట, నా మొహం. మా పెదనాయనను ఆళ్లగడ్డ సంతలో పట్టపగలు నరికారు. తర్వాత వంతు తమ్ముడిదేనని ఎదుటి పార్టీవాళ్లు బాహాటంగా చెప్పుకుని తిరిగారు. ఆ తమ్ముడే మా నాయన. అందుకని యాభై ఏడో సంవత్సరం ఎండాకాలంలో, నాయనకు ఆయాసమనీ, డాక్టరు గాలి మార్పు చెప్పాడనీ ఊళ్లో చాటి, అమ్మా నాయనా నేనూ నంద్యాలలో రైలెక్కాం. ఏ ఊరికి పోతున్నామో నాయనను కన్న మా జేజికి కూడా చెప్పలేదు.

చీరాల దగ్గర, సముద్రం పక్కనే ఉన్న చిన్న ఊరది. సరుగుడు తోపులు, చేపలు పట్టే పల్లెకారుల గుడిసెలు, గుంటూరు ప్లీడర్లు వేసవికి వచ్చి దిగే నాలుగు పెంకుటిళ్లు. అందులో ఒకటి మేం అద్దెకు తీసుకున్నాం. ఎదురుగా ఒక విధవావిడ భోజనం హోటలు నడిపేది. ఉన్నమాట చెప్పాలి, ఆమె చేతి చేపల పులుసు, రొయ్యల కూర కోసం గుంటూరు నుంచి కార్లలో వచ్చేవాళ్లు. మేం మాత్రం గోడకు ఆనుకుని, వాకిలి కనబడేలా కూర్చునేవాళ్లం. వాకిట్లో ఎవరి నీడ పడినా నాయన చెయ్యి విస్తరి మీద ఆగిపోయేది. ఆ రొయ్యల కూర రుచి నాకింకా గుర్తుంది. అది తింటూ వాకిట్లో పడే నీడల్ని లెక్కపెట్టడం కూడా గుర్తుంది.

నాయనకు తోచేది కాదు. "తిని పండుకునేదీ ఒక బతుకేనా? రేపు వానొస్తే విత్తేదెవరు?" అనేవాడు.

"నువ్వుంటే గదా విత్తేది. నోరు మూసుకోని తిను," అనేది అమ్మ.

రానురాను ఆయనకు అన్నం సయించడం మానేసింది. చేపలంటే మొహం మొత్తింది. చూసి చూసి అమ్మ హోటలామె రోలు అడిగి ఊరిబిండి నూరింది. బుడ్డలు, అదే వేరుశనగ విత్తనాలు, వేయించి ఎండుమిరపకాయలు, చింతపండు, మేం ఎర్రగడ్డ అనే ఉల్లిపాయ వేసి కచ్చాపచ్చాగా దంచే మా సీమ పచ్చడి అది. నాయన రెండు మార్లు అన్నం పెట్టించుకున్నాడు. హోటలామె కూడా నాలుక్కి రాసుకుని, కళ్లనీళ్లు తుడుచుకుని, "ఇది నాకు నేర్పండమ్మా" అని పట్టుకుంది. అమ్మ సంబరంగా నేర్పింది. పెదనాయన పోయాక ఆమె నవ్వడం నేను చూసింది ఆ ఒక్కరోజే. మర్నాటి నుంచి ఆ పచ్చడి హోటల్లో అందరి విస్తళ్లలోకీ వచ్చింది.

అదే మా కొంప ముంచింది. నంద్యాల నుంచి చీరాలకు నూలు బేరానికి వచ్చిన ఒకాయన, సముద్రం చూసిపోదామని వచ్చి అక్కడ భోజనానికి కూర్చున్నాడు. పచ్చడి నోట్లో పెట్టుకోగానే, "ఇది మా పక్క రుచి గదమ్మా, ఎవరు నేర్పినారు?" అని అడిగాడు. పాపం, ఆమె గొప్పగా మా ఇల్లు చూపించింది. చెయ్యి కూడా సరిగా కడుక్కోకుండా వచ్చేశాడు మహానుభావుడు. నాయనకు తెలిసినవాడే, మంచివాడే.

"ఏందన్నా, నువ్వు ఈడుండావా? ఊర్లో నీకోసం ఎతుకుతాండారు."

"ఎవురికీ చెప్పొద్దప్పా," అన్నాడు నాయన.

"నేనెందుకు చెప్తా," అని వెళ్లిపోయాడు.

అతని నోట్లో నువ్వుగింజ నానదని అమ్మకు తెలుసు. ఆ పూట హోటలుకు అన్నానికి పోలేదు. "ఇంగ దాక్కునేదేముంది, ఊరికే పోదాం. చంపితే చంపనీ," అన్నాడు నాయన. అమ్మ చాలాసేపు సముద్రం వైపు చూసి, "నువ్వు బతికుండావని తెలిసినంతకాలం వాళ్లు వదలరు," అంది. తర్వాత ఏం చెయ్యాలో చెప్పింది. నాయన నా వైపు చూసి ఏడ్చాడు. మొగవాడు ఏడవడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

తెల్లవారుతుండగా ఆయన చీరాలకు నడిచిపోయి మద్రాసు బండెక్కాడు. పొద్దెక్కాక అమ్మ ఆయన చెప్పులు, కండువా ఇసుకలో పెట్టి గుండెలు బాదుకుంది. నన్నూ ఏడవమంది. చెప్పాలా నాకు? హోటలామె పొయ్యి మీది గిన్నెలు వదిలేసి పరుగెత్తుకొచ్చింది. పల్లెకారులు పొద్దు గూకేదాకా పడవల మీద వెతికారు. లేని మనిషి కోసం అలల్లోకి పోతున్న వాళ్లను చూస్తే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అమ్మ అందరి ముందే బొట్టు చెరిపేసుకుంది.

ఊరికి వచ్చాక ఎదుటి పార్టీవాళ్లు కూడా పరామర్శకు వచ్చారు. "నీళ్లు తెలియనోడు, పాపం," అన్నాడు వాళ్లలో పెద్దాయన. జేజి నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, "మునిగేటప్పుడు నన్ను తల్చుకున్నాడా పాపా?" అని అడిగింది. "'అమ్మా' అన్నాడు జేజీ," అన్నాను. ఏం చెయ్యను, ఆ ముసలి మొహం చూడలేకపోయాను. జేజికి నిజం చెబుదామని నేను ఎన్నిసార్లు కాళ్లావేళ్లా పడ్డా అమ్మ ఒప్పుకోలేదు. కొడుకు ఉన్నాడని తెలిస్తే జేజి నడిచైనా ఆయన దగ్గరకు పోతుంది, ఆమె వెనకాలే కత్తులు పోతాయి అనేది.

మూడో ఏడు జేజి మంచం పట్టింది. కొడుకుల కోసం ఏడ్చి ఏడ్చి పోయింది. నాయన అప్పుడు మద్రాసులో ఒక కట్టెల అడితిలో మోత పని చేస్తున్నాడు. శవాన్ని ఎత్తే ముందు పురోహితుడు వాకిట్లో నిలబడి, కొరివి పెట్టడానికి ఎవరున్నారని అడిగాడు.

"ఇద్దరు కొడుకులూ పోయిరి సామీ. తల్లికి కొరివి పెట్టే దిక్కు లేదు," అన్నారెవరో.

నేను నోరు తెరిచాను. వెనక నుంచి అమ్మ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టి గట్టిగా నొక్కి పట్టుకుంది. జేజిని వీధి మలుపు దాటించేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.