చెయ్యెత్తిన పిల్ల

మా బడిలో శనివారం ఆఖరి పీరియడ్ నైతిక విద్యది. పరీక్షలు దగ్గరపడితే ఆ పీరియడ్‌ని లెక్కల మాస్టారు తీసుకుంటారు. ఎవరైనా అధికారి వస్తున్నారంటే పిల్లల చేత ఆవరణ ఊడిపిస్తారు. ఈ రెండూ లేని శనివారాలు నావి. తెలుగు పాఠం చెప్పేవాళ్ళకి నీతులు చెప్పడం ఏమంత పని కాదని మా ప్రధానోపాధ్యాయుడి నమ్మకం. నేను కూడా చాలా ఏళ్ళు అట్లాగే అనుకున్నాను. ఒక కథ చెప్పి, చివర్లో ఇందులో నీతి ఏమిటని అడిగితే పిల్లలందరూ ఒకే గొంతుతో నిజమే పలకాలి అనేవాళ్ళు. గంట కొట్టేవాళ్ళు. ఇంటికి పోయేవాళ్ళం.

బడి నెల్లూరు తీరంలో, సరుగుడు తోపులకీ రొయ్యల గుంటలకీ నడుమ ఉంది. ఒడ్డునున్న జాలరి పల్లెని మావైపు కుప్పం అంటారు; ఆ కుప్పం నుంచి చేపలవాళ్ళ పిల్లలు, లోపలి ఊళ్ళ నుంచి రైతుల పిల్లలు వస్తారు. నా కూతుర్ని కూడా అక్కడే చేర్పించాను. ప్రైవేటు స్కూల్లో ఎందుకు వెయ్యలేదని చుట్టాలు ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు. నేను పాఠం చెప్పే బడి నా బిడ్డకే పనికిరాకపోతే ఇంకెవరికి పనికొస్తుందని నా పంతం.

నా కూతురు తొమ్మిదో తరగతిలో ఉండగా ఆడపిల్లల కబడ్డీ జట్టు మొదటిసారి ఫైనల్ దాకా వెళ్ళింది. మండలంలోని బళ్ళన్నీ ఆడే పోటీలవి. రెయిడ్‌కి వెళ్ళడంలో నా కూతురు దిట్ట. వచ్చినవాళ్ళని పట్టడంలో కుప్పం పిల్ల ఒకతి ఉండేది. సన్నటి మనిషి, పెద్దగా మాట్లాడదు, కానీ చీలమండ దొరికిందంటే వదలదు. ఇద్దరూ ఒకే బెంచీ, ఒకే అన్నం డబ్బా.

ఆట చివరికొచ్చేసరికి మేం ఒక్క పాయింటు ముందున్నాం. అవతలి జట్టు పిల్ల రెయిడ్‌కి వచ్చి, ఒక మూల నుంచి ఇంకో మూలకి ఉరికి, ఖాళీ చేతులతో వెనక్కి వెళ్ళినట్టే కనిపించింది. గీత దాటాక, తన చెయ్యి ఒకరికి తాకిందని పాయింటు అడిగింది. అంపైర్ లేదన్నాడు. మావాళ్ళు కేకలు పెట్టడం మొదలుపెట్టారు. అప్పుడు కుప్పం పిల్ల మెల్లగా చెయ్యెత్తి, కోర్టు బయటికి నడిచి వెళ్ళి కూర్చుంది. తనకి తాకిందని ఒప్పుకోవడం అది. అంపైర్ ఒక క్షణం ఏం చెయ్యాలో తెలియనట్టు నిలబడి, తర్వాత అవతలివాళ్ళకి పాయింటు ఇచ్చాడు. స్కోరు సమమైంది. ఆఖరి రెయిడ్‌కి నా కూతురు వెళ్ళి దొరికిపోయింది. ఓడిపోయాం.

తిరుగు దారిలో ఆటోలో ఎవరూ ఆ పిల్ల పక్కన కూర్చోలేదు. నేను వెళ్ళి కూర్చుని, భుజం మీద చెయ్యి వేసి, మంచి పని చేశావన్నాను. ఎందుకు చెప్పాలనిపించిందని అడిగాను. శనివారం చెప్పిన కథల్లో ఏదో ఒకటి గుర్తొచ్చిందంటుందని లోపల ఆశపడ్డాను.

"ఆ అమ్మాయి నా మొగం చూసింది మేడమ్" అంది ఆ పిల్ల. "తాకిందని ఆమెకి తెలుసు, నాకు తెలుసు. ఇంక యాడ చూడాల నేను?"

నా కథలు దాని తలలోకే రాలేదు. అయినా ఆ రోజు నాకు గర్వంగానే ఉంది.

సోమవారం ఆ గర్వమంతా దిగిపోయింది. ప్రధానోపాధ్యాయుడు పొద్దున్నే నన్ను పిలిచి, పిల్లలకి ఏం నేర్పిస్తున్నారు మేడమ్ అని అడిగాడు. ఆయన చెడ్డమనిషి కాదు. జట్టుకి బట్టలు కుట్టించడానికి ఊరూరా తిరిగి పెద్దమనుషుల్ని అడిగినవాడు. ఆ కప్పు వస్తే బడికి ఇంకో నలుగురు పిల్లలు చేరతారని ఆశపడ్డవాడు. నిజం చెప్పమన్నాం గానీ, అడగకుండానే చెప్పమన్నామా, అంపైరే లేదన్నాక ఈ పిల్లకెందుకు అన్నాడు. అడిగితేనే చెప్పేదాన్ని నిజాయితీ అనరు సార్ అన్నాను. ఆయన వాచీ చూసుకున్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. బడి పరువు తీసిందని చెప్పడానికి ఆ పిల్ల తల్లిని పిలిపించాడు.

ఆమె చేపల అమ్మకం ముగించుకుని, తల కూడా దువ్వుకోకుండా పరిగెత్తుకొచ్చింది. కూతురు ఏ తప్పు చేసిందని వచ్చీరాగానే అడిగింది. ఆయన చెప్పిందంతా విన్నాక ఆమెకి అర్థం కాలేదు. నా వైపు తిరిగింది.

"అబద్ధం చెప్పినాదని పిలిపిస్తారు గదా మేడమ్. నిజం చెప్పినాదని పిలిపించినారా?"

నేను నోరు తెరిచేలోపే ఆమె లేచి నిలబడింది. ఇంక ఆ ఆటా వద్దు, ఈ మాటలూ వద్దు, చదువుకోవడానికి పంపిస్తే చాలు అంది. నేను వరండా చివరిదాకా వెంటపడి, మీ బిడ్డ తప్పు చెయ్యలేదు, ఆట మాన్పించొద్దని బతిమాలాను. తప్పు లేకపోతే నన్నెందుకు పిలిచినారు అని ఒక్కమాట అడిగి వెళ్ళిపోయింది. ఆమె మీద కూడా కోపమొచ్చింది నాకు. ఆ రోజు నాకు కోపం రాని మనిషంటూ లేరు.

ఆ శనివారం కథ చెప్పకుండా, జరిగినదాని గురించే తరగతిలో అడిగాను. జవాబులు ఒకటొకటిగా వచ్చాయి. ఎవరు ఔటో చూడాల్సింది అంపైర్, మనం కాదు అన్నాడొకడు. అవతలివాళ్ళయితే చెప్పేవాళ్ళా అంది ఇంకో పిల్ల. పీటీ సారు తిడతారని తెలిసి కూడా ఎందుకు చెప్పాలి అంది మరొకతి. వీటికి నా దగ్గర జవాబులున్నాయి. కానీ నా కూతురు లేచింది.

"నిజం అది ఒక్కతే చెప్పింది. ఓడిపోయింది మేమందరం. మమ్మల్ని అడిగిందా?"

తరగతి మొత్తం దాని వైపే ఉంది. నిజం చెప్పడానికి ఇంకొకళ్ళ అనుమతి అక్కర్లేదన్నాను. కానీ నెలల తరబడి పొద్దున్నే లేచి ఇసకలో మోకాళ్ళు చీల్చుకున్నది ఆ పిల్లలు. వాళ్ళ ప్రశ్నలో న్యాయమే లేదని ఎట్లా అనను? ఇన్నేళ్ళు చెప్పిన కథల్లో మంచివాడు ఒక్కడే నష్టపోతాడు, చివర్లో అతనికి మేలు జరుగుతుంది. పక్కవాళ్ళు కూడా నష్టపోయే కథ నేనెప్పుడూ చెప్పలేదు. గంట కొట్టారు. కుప్పం పిల్ల చివరి బెంచీలో ఒక్కతే తలొంచుకుని గోరు గిల్లుకుంటూ ఉండిపోయింది.

ఇంటికొచ్చాక నా కూతురితో గట్టిగానే గొడవపడ్డాను. ఆఖరి రెయిడ్‌లో దొరికింది నువ్వు కదా, ఆ ఓటమి దాని మీదెందుకు తోస్తావన్నాను. అనకూడని మాట. అది అన్నం కంచం ముందు నుంచి లేచిపోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

పీటీ మాస్టారు ఆ పిల్ల పేరు కొట్టేశాడు. తల్లి వద్దన్నదని సాకు దొరికింది ఆయనకి. నేను మళ్ళీ మళ్ళీ అడగ్గా, మరుసటి ఏడాది, పట్టేవాళ్ళు తక్కువయ్యారని తీసుకున్నాడు. తల్లిని ఒప్పించడానికి ఈసారి ఆయనే కుప్పం వెళ్ళాడు. అక్కడ ఏం మాట్లాడాడో నాకు తెలియదు.

పోటీకి బయలుదేరే ముందు ఆ పిల్ల నా దగ్గరికొచ్చింది.

"మేడమ్, తాకితే చెయ్యెత్తాలా, వద్దా? ముందే చెప్పండి."

పోయినసారి దాన్ని ఎవరూ అడగలేదు, అదీ ఎవరినీ అడగలేదు. ఒక్క ఏడాదిలో మేమంతా కలిసి సాధించింది ఇది. నీకు తెలిసిందే చెయ్యి, ఎవరేమన్నా నేను చూసుకుంటానన్నాను. సరే మేడమ్ అంది. నా మాట నమ్మినట్టు కనిపించలేదు. నమ్మడానికి నేనేం చేసి చూపించానని?

ఆ రోజు ఆటలో దానికి చెయ్యెత్తాల్సిన పని పడలేదు. ఎవరు రెయిడ్‌కి వచ్చినా వెనక గీత దాకా వెళ్ళిపోయింది. ఎదురుగా చీలమండ దొరికినా వంగలేదు. అయినా మావాళ్ళు గెలిచారు. ఇప్పుడు బుద్ధిగా ఆడుతోందని పీటీ మాస్టారు మెచ్చుకున్నాడు. ప్రధానోపాధ్యాయుడు అందరికీ మిఠాయి పంచి, ఈ శనివారం క్రమశిక్షణ గురించి నాలుగు మాటలు చెప్పండి మేడమ్ అని నాకు పురమాయించాడు.

ఇంటికి వెళ్ళడానికి వాకాడు బస్సు కోసం నిలబడ్డప్పుడు నా కూతురి మెడలో పతకం ఉంది. మొహంలో సంతోషం లేదు. రోడ్డు వైపు చూస్తూ అంది.

"అది ఆడలేదమ్మా. ఎవరికీ తగలకుండా తప్పించుకుంటా ఉండింది. మీరంతా కలిసి దాన్ని అట్లా చేసినారు."

"మీరంటే, అందులో నువ్వు లేవా?" అన్నాను.

అది పతకం తీసి సంచిలో వేసుకుంది. బస్సు వచ్చింది. సీట్లు ఖాళీగానే ఉన్నా, అది నా పక్కన కాకుండా ముందు సీట్లో కూర్చుంది.