ఇన్‌స్పెక్టరు ఆర్పని స్విచ్చు

మా ఆడపడుచుని ఇంట్లో అందరమూ ఇన్‌స్పెక్టరు అంటాం. పోలీసూ కాదు, కరెంటాఫీసూ కాదు. బడి పిల్లల యూనిఫారాలు కుట్టే దుకాణంలో కటింగ్ మాస్టరు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్తూ కనిపించిన స్విచ్చల్లా ఆర్పుకుంటూ పోవడం ఆమె అలవాటు. ఫ్యాను కింద మనిషి ఉన్నాడా లేడా అన్న విచారణ ఉండదు. టక్, టక్, టక్. "ఓ ఇన్‌స్పెక్టరుగారూ, నేనింకా బతికే ఉన్నానమ్మా!" అని చెమట తుడుచుకుంటూ నేను కేకేసిన రోజులు కోకొల్లలు.

ఆమె భర్త, నాకు తమ్ముడి వరస, దూరాలు తిరిగే లారీ డ్రైవరు. మనిషి వెన్నే గానీ ఇంటిపట్టున ఉండేది తక్కువ. అందుకని పెళ్ళయిన దగ్గర్నుంచీ వాళ్ళ కాపురం మా పై వాటాలోనే. కూతురు పుట్టిందీ పెరిగిందీ మా కళ్ళ ముందే.

మా ఆయన ఒక ఫ్యాక్టరీలో విడిభాగాల స్టోరు చూసుకుంటారు. దేన్నైనా దాచందే నిద్రపట్టని జాతి. పాప పుట్టినప్పటి నుంచీ తీసిన వీడియోలన్నీ టీవీ కింద ఒక నల్ల పెట్టెలో దాచారు. అది ఇంట్లోని వైఫైకి కలిసి ఉంటుంది, దాంట్లోవి టీవీలోనైనా ఫోన్లోనైనా చూసుకోవచ్చు. లోపల రెండు డిస్కులు. ఒకటి పోయినా రెండోదాంట్లో అదే సరుకు ఉంటుందట. "పాప తుమ్మినా దాస్తారేమిటండీ, చాదస్తం కాకపోతే!" అని సణిగేదాన్ని. ఆ చాదస్తానికి ఇప్పుడు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెడుతున్నాను.

ఆమధ్య ఇన్‌స్పెక్టరుకు జ్వరమొచ్చి అది మెదడుకెక్కింది. మనిషి దక్కింది, అదే పదివేలు. కానీ ఇటీవలి కొన్నేళ్ళ జ్ఞాపకాలు ఊడ్చిపెట్టుకుపోయాయి. అన్నయ్యను గుర్తుపట్టింది, భర్తను గుర్తుపట్టింది, నన్ను గుర్తుపట్టింది. కత్తెర చేతికిస్తే గుడ్డ మీద గీత తప్పకుండా కోసింది. ఆస్పత్రి నుంచి ఇంట్లో అడుగుపెడుతూనే హాల్లో లైటు కూడా ఆర్పింది. మూడో తరగతి చదువుతున్న కన్నకూతుర్ని చూసి మాత్రం, "ఎవరమ్మాయి వదినా? పక్కింట్లోకి కొత్తగా ఎవరైనా వచ్చారా?" అంది.

ఆమె లెక్కలో కూతురింకా పాకుతోంది. పాప వెళ్ళి తలుపు చాటున నిలబడింది.

"పాతవన్నీ చూపిస్తూ ఉండండి. కొత్తవి కూడా నిలవకపోవచ్చు, అవీ చూపించండి" అంది డాక్టరమ్మ. ఆ మాట నిజమే అయింది. నిన్న జరిగింది ఇవాళ్టికి ఉండేది కాదు. అప్పుడు తీశారు మా ఆయన తన పెట్టెను. రోజూ పొద్దున్నే ఇన్‌స్పెక్టరు టీవీ ముందు కూర్చునేది. పాప పక్కన చేరి పంతులమ్మలాగా పాఠం చెప్పేది. "ఇది నేనేనమ్మా, పన్ను ఊడినప్పుడు. ఇది నువ్వు. నా జుట్టు వంకరటింకరగా కత్తిరించావు చూడు, బళ్ళో అందరూ నవ్వారు." తల్లి విరగబడి నవ్వేది. ఒకరోజు అలా నవ్వుతూ నవ్వుతూనే పిల్లను ఒళ్ళోకి లాక్కుని, "ఇంత పొడుగెప్పుడయ్యావే నా తల్లీ!" అంది. నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

అప్పటి నుంచి ఏ రోజుకారోజు వీడియో తీయడమే పనిగా పెట్టుకున్నాం. తీసేది నేను. ఫోన్లోంచి పెట్టెలోకి పంపి, ఫోన్లో చెరిపేసేదీ నేనే. తీసి తీసి, చివరికి పెట్టె మెడదాకా నిండి ఇక నావల్ల కాదంది.

మా ఆయన ఇంకో పెట్టె కొనుక్కొచ్చారు. దానికి సొంత బుర్ర లేదు. డిస్కులు పెట్టుకోవడానికి అరలున్నాయి, అంతే. తీగతో పాత పెట్టెకు తగిలిస్తే దాని బుర్రతోనే ఇదీ నడుస్తుంది.

"రెంటినీ కలిపేసి ఒకటే పెద్ద జాగా చెయ్యొచ్చని కొట్టతను చెప్పాడుగా. అలా చెయ్యండి. టీవీలో రెండు చోట్ల వెతకలేక చస్తున్నాను" అన్నాను.

"కలిపితే ఇందులో ఏది కుంటుపడ్డా రెండూ కూర్చుంటాయి. కొత్త సరుకు సంగతి తెలిసేదాకా పాత సరుకులో కలపకూడదు."

"ఇది మీ స్టోరు కాదండీ, కొంప."

"పాప మొదటి అడుగు మళ్ళీ వేయిస్తావా నువ్వు?"

సరేనన్నాను. సణుగుడు మాత్రం మానలేదు.

పాత పెట్టె స్విచ్చుకు ఇన్‌స్పెక్టరు చెయ్యి పడకుండా ఎప్పుడో అడ్డంగా నల్ల టేపు వేశారు. కొత్తదాని స్విచ్చు తలుపు పక్క బోర్డులో ఉంది. ఊరందరికీ జాగ్రత్తలు చెప్పే మా ఆయన దానికి టేపు వేయడం మరిచిపోయారు.

ఈలోగా ఇన్‌స్పెక్టరు కొంచెం కుదురుకుని ఒంటిపూట దుకాణానికి వెళ్ళడం మొదలుపెట్టింది. ఒక పొద్దున నేను వీడియోలు పంపుతున్నాను. ఆమె సంచి భుజాన వేసుకుని హాల్లోంచి వెళ్ళింది. టక్, టక్, టక్. గేటు చప్పుడైంది. చూస్తే కొత్త పెట్టె దీపం లేదు. టీవీలో పాతవీ లేవు, కొత్తవీ లేవు, ఖాళీ. పరుగెత్తి స్విచ్చు వేశాను. పచ్చదానికి బదులు ఎర్ర దీపం వెలిగింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మా ఆయనకు ఫోన్ చేశాను.

ఆయన సెలవు పెట్టి వచ్చి, రెండు పెట్టెలనూ విడదీసి, పాతదాన్ని ఒక్కదాన్నే ఆపి మళ్ళీ వేశారు. నేను పక్కన కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్నాను. టీవీలో ముందు ఒక బొమ్మ వచ్చింది, పాకుతున్న పాప. తర్వాత బొమ్మలన్నీ బిలబిలా వచ్చేశాయి. "పాతది కాసేపు బిగుసుకుపోయిందంతే. కలపలేదు కాబట్టి బతికిపోయాం" అన్నారాయన నీరసంగా. సిగ్గులేకుండా చెప్తున్నాను, ఆ పూట మా ఆయన నాకు దేవుడిలా కనిపించారు. కొత్త పెట్టెలోవి మాత్రం ఎంత తంటాలు పడ్డా రాలేదు. వీడియోలు ఎక్కుతుండగా కరెంటు పోయి అంతా గజిబిజి అయిందట. ఈమధ్య తీసినవన్నీ అందులోనే ఉన్నాయి.

మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు వచ్చింది. దాచి లాభం లేదని చెప్పాం. చతికిలబడిపోయింది. "నా చేతులు పడిపోను! నేనే ఆర్పానా వదినా?" అంది. ఆ రోజులు ఆమెకు ఇక లేనట్టే అనుకుని నేనూ కుమిలిపోతున్నాను.

బడినుంచి వచ్చిన పాప మూతి ముడిచింది. "అయితే నా సైకిల్ వీడియో కూడా పోయిందా అత్తా? అమ్మకి ఇంకా చూపించనేలేదు."

ఇన్‌స్పెక్టరు కళ్ళు తుడుచుకుంది. "ఏదే, మొన్న ఆదివారం గేటుని గుద్దేసి, నువ్వు ఏడవడం మానేసి ఆ గేటుని తిట్టావు, అదేనా? మోకాలికి నేనే కదా మందు రాశాను!"

నేనూ మా ఆయనా మొహామొహాలు చూసుకున్నాం. ఆ వీడియో తీసింది నేను. స్టవ్ మీద పాలు పొంగుతుంటే మధ్యలో ఆపేసి లోపలికి పరుగెత్తాను. పిల్ల గేటుని గుద్దడం అందులో లేనే లేదు.

"ఇంకా ఏం గుర్తుందమ్మా?" అంది పాప మెల్లగా.

"ఏముంది, దెబ్బ తగిలిందని నాన్నకి చెప్పొద్దన్నావు. నేనింకా చెప్పలేదు" అంది. పాప తల్లి మెడ పట్టుకుని వేలాడింది. మా ఆయన కళ్ళజోడు తీసి తుడిచారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక నేను ఆ పాడైన పెట్టెకే పెట్టాను.

మర్నాడు పొద్దున ఆయన కొత్త పెట్టెను శుభ్రంగా చెరిపి మళ్ళీ తగిలించి, నల్ల టేపు చుట్ట పట్టుకుని స్విచ్చు దగ్గరికి వెళ్ళారు. "అదెందుకన్నయ్యా?" అంది ఇన్‌స్పెక్టరు. "నాకు గుర్తుంటుందిలే." కొత్త సరుకును ఒక పట్టాన నమ్మని మనిషి, టేపు చుట్ట జేబులో వేసుకున్నారు.

ఆమె దుకాణానికి బయల్దేరింది. నేను వంటింట్లోంచే వింటున్నాను. హాల్లో ఫ్యాను, టక్. లైటు, టక్. తలుపు దగ్గర అడుగులు ఆగాయి. చప్పుడు లేదు. అడుగులు మళ్ళీ వెనక్కి వచ్చాయి. నేను లోపల ఉండగానే వంటింటి లైటు ఆర్పేసి వెళ్ళిపోయింది.

ఈసారి నేను కేకెయ్యలేదు, ఆ చీకట్లోనే వంట చేసుకున్నాను.